మృగశిర నుంచి ముర్గ్ దాకా

ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ జనంతో నిండిపోతుంది. ఉబ్బసం తగ్గుతుందన్న ఆశతో ఎక్కడెక్కడి నుంచో వచ్చి బారులు తీరినవాళ్లకు బత్తిని కుటుంబం వారు బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదని వైద్యులూ హేతువాదులూ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, ఆ రోజుకున్న పేరు మాత్రం గట్టిగా పట్టించుకోదగ్గది. అది మృగశిర కార్తె మొదలయ్యే రోజు. తెలంగాణ పల్లెల్లో దాన్ని మిరుగం అంటారు. హైదరాబాద్ దక్కనీ ఉర్దూలో మిరుగ్ అంటారు. అదే రోజున ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి అబిడ్స్ వైపు వెళితే హోటళ్ల బోర్డుల మీద, మెనూ కార్డుల మీద మరో మాట కనిపిస్తుంది: ముర్గ్. ముర్గ్ ముసల్లం, తందూరీ ముర్గ్. మొదటిది ఆకాశంలోని జింక తల, రెండోది పళ్లెంలోని కోడి. అర్థంలో ఎంత దూరంగా ఉన్నా ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు. మృగం, ముర్గ్ అనేవి ఒకే పాతమాట రెండు దేశాల్లో రెండు రకాలుగా పెరిగిన రూపాలని చారిత్రక భాషాశాస్త్రం చెబుతుంది. ఈ బంధుత్వం ఎలా తెలిసిందో చూస్తే, జంతువుల పేర్ల గురించి మనకున్న ఒక గట్టి నమ్మకం సడలుతుంది. పేరు జంతువుతోపాటు పుట్టి దాన్నే అంటిపెట్టుకుని ఉంటుందనుకుంటాం. నిజానికి పేరు అంటిపెట్టుకునేది మనిషి బతుకుని. బతుకు మారిన చోటల్లా అదే పేరు ఇంకో జంతువును వెతుక్కుంది.

ముందు తెలుగులోనే చూద్దాం. ఈ ఒక్క మాట మన భాషలోకి కనీసం నాలుగు దారుల్లో వచ్చింది. సంస్కృతం నుంచి నేరుగా తెచ్చుకున్న తత్సమం మృగం. ప్రాకృతాల మీదుగా అరిగి వచ్చిన తద్భవం మెకము. బడిలో ప్రకృతి వికృతులు చదివినవాళ్లందరికీ మృగము, మెకము జంట గుర్తుంటుంది. పాలిలో ఈ మాట మిగ, కాబట్టి మెకము ఏ మెట్లు దిగి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మూడోది రైతుల నోట నలిగిన మిరుగం. ఇందులోని ఇకారం గమనించదగింది. మృగం అనే మాటను తెలుగువాళ్లం మ్రుగం అన్నట్టు పలుకుతాం. మరాఠీ పల్లెల్లో అది మిరగ్, హిందీ ప్రాంతాల్లో మిర్గ్. తెలంగాణ మిరుగం పొరుగు భాషల పలుకుబడికి దగ్గరగా నిలిచింది. నాలుగోది ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చిన ముర్గ్, ముర్గీ. కుతుబ్‌షాహీల కాలం నుంచి 19వ శతాబ్ది చివరిదాకా ఈ నగరంలో ఫార్సీ దర్బారు భాష. ఆ తర్వాత ఉర్దూ ఆ స్థానంలోకి వచ్చింది. అలా వంటింటి మాటగా, హోటల్ మాటగా ముర్గీ తెలుగువాళ్ల నోటికి అలవాటైంది. మిరుగం నాడు చేపల కోసం బజారుకెళ్లి, వచ్చేటప్పుడు ముర్గీ కూడా తెచ్చుకునే హైదరాబాదీ ఒకే మాటను రెండుసార్లు పలుకుతున్నాడు. మధ్యలో కనీసం 3 వేల ఏళ్ల ఎడబాటు ఉంది కనుక ఆ సంగతి వినేవాళ్లకూ పలికేవాళ్లకూ తట్టదు.

సంస్కృతంలో మృగం అంటే జింక అనీ, తెలుగువాళ్లం దాన్ని క్రూరజంతువుగా మార్చేశామనీ కొందరు అంటుంటారు. ఇది సగమే నిజం. ఋగ్వేదంలో మృగమంటే ప్రధానంగా అడవి జంతువు. విష్ణువును కొండల్లో తిరిగే భయంకరమైన మృగంతో పోల్చిన చోట జింకను ఊహించలేం. ఏనుగును అక్కడ చేయి ఉన్న మృగం అన్నారు. తొండమే ఆ చేయి. హస్తి అనే మాట ఆ వర్ణన నుంచే నిలబడింది. కాలక్రమంలో, ముఖ్యంగా కావ్యాల కాలానికి, మృగం చాలా చోట్ల జింకగా కుదించుకుపోయింది. దుష్యంతుడు వేటాడుతూ వచ్చింది జింకనే, సీత కోరిన మాయామృగం లేడే. వేటగాడికి అడవిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, అన్నిటికన్నా ఎక్కువగా కావలసింది జింక కాబట్టి మొత్తానికున్న పేరు దానికి దక్కిందని అనుకోవడం సబబు. తెలుగు సమాసాలను వరసగా పెట్టి చూస్తే ఈ రెండు పొరలూ కళ్లకు కడతాయి. మృగనయని, మృగతృష్ణ, మృగాంకుడు అన్నప్పుడు మన మనసులో జింక ఉంది. మృగరాజు అన్నప్పుడు అడవి జంతువులన్నీ ఉన్నాయి. కోతిని శాఖామృగం అన్నప్పుడు కొమ్మల మీద తిరిగే జంతువని అర్థం. కనుక వార్తాపత్రికలు మానవ మృగం అని రాసినప్పుడు ఆ నీతి ఎంతవరకు సబబన్నది వేరే చర్చ గానీ, భాష మాత్రం దారి తప్పలేదు. జింక అనే అర్థంకన్నా పాతదైన అర్థాన్ని తెలుగు కాపాడుకుంది.

ఈ విషయంలో తెలుగు ఒంటరిది కూడా కాదు. తమిళంలో మిరుగం, కన్నడంలో మృగ, మలయాళంలో మృగం ప్రధానంగా జంతువు అనే అర్థంలోనే నిలిచాయి. తిరువనంతపురంలో జూను మృగశాల అంటారు. హిందీలో, నేపాలీలో మృగ్ అంటే జింక. సముద్రం దాటి ఇండొనేషియా వెళితే జకార్తాలోని రగునన్ జూ పేరులో మార్గసత్వ అనే మాట ఉంది. అడవి జంతువులని దాని అర్థం, మృగ, సత్త్వ అనే రెండు మాటల కలయిక. అంటే ఈ మాట ఉత్తరాదిలో జింక దగ్గర ఆగితే, దక్షిణాదిలోనూ ఆగ్నేయాసియాలోనూ పాత విశాలమైన అర్థంతో బతికింది. హైదరాబాద్ పొలిమేరల్లోనే దీనికి సాక్ష్యం ఉంది. వనస్థలిపురం దగ్గరి జాతీయ ఉద్యానానికి హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. కృష్ణజింకల కోసం ఏర్పడిన చోటని ఆ పేరు నిస్సందేహంగా చెబుతుంది. చిలుకూరు దగ్గరి జాతీయ ఉద్యానానికి మృగవని అని పేరు పెట్టారు. హిందీ పాఠకుడు దాన్ని జింకల వనం అనుకుంటాడు, తెలుగు పాఠకుడు జంతువుల వనం అనుకుంటాడు. ఇద్దరిలో ఎవరిదీ పొరపాటు కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే పాతవాళ్లు బాగేఆం అనే తోటలో, 1963లో నెహ్రూ జూ తెరిచేదాకా జంతువుల్ని ప్రదర్శనకు ఉంచేవారు. జింకతోపాటు పులి కూడా మృగమే అనడానికి అలాంటి చోట ఏ తెలుగు పిల్లకూ సందేహం రాదు.

ఇక ఇరాన్ వైపు వెళ్దాం. జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం అవెస్తా భాష ఋగ్వేద భాషకు తోబుట్టువు లాంటిది. సంస్కృతంలో మృగ అయిన మాట అవెస్తాలో మెరెఘ. అక్కడ దాని అర్థం పక్షి. అదే మధ్య ఫార్సీలో ముర్వ్‌గా, ఆధునిక ఫార్సీలో ముర్గ్‌గా మారింది. కాకసస్ కొండల్లో మాట్లాడే ఒసెతీ భాషలో కూడా మర్గ్ అంటే పక్షే. ఫార్సీ మహాకావ్యం షానామాలో జాల్ అనే పసివాణ్ణి కొండమీద పెంచిన మహాపక్షి సీముర్గ్. ఈ పేరు అవెస్తాలో మెరెఘో సయేనో. సయేన అంటే సంస్కృతంలో శ్యేనం, మన డేగ. అంటే సీముర్గ్‌ను సంస్కృతంలోకి అక్షరం అక్షరం మారిస్తే శ్యేనమృగం అవుతుంది. 12వ శతాబ్దపు సూఫీ కవి ఫరీదుద్దీన్ అత్తార్ తన పక్షుల కథలో ఇదే పేరును విరిచి అందమైన శ్లేష చేశాడు. ఫార్సీలో సీ అంటే 30; సీముర్గ్‌ను వెతుక్కుంటూ బయలుదేరి చివరిదాకా మిగిలిన పక్షులు సరిగ్గా 30, ఆ 30 పక్షులే సీముర్గ్. కవిత్వంగా అది గొప్ప ఊహ, కానీ పేరు పుట్టుక అది కాదు. మాటల చరిత్ర రాసేవాళ్లు ఈ రెంటినీ కలిపేయకుండా జాగ్రత్తపడాలి. నిప్పుకోడి పేరు ఇంకా స్పష్టమైన సాక్ష్యం. ఉర్దూలో అది శుతుర్‌ముర్గ్, ఒంటె పక్షి. శుతుర్‌కు సంస్కృతంలో చుట్టం ఉష్ట్రం. తెలుగు పుస్తకాల్లో అదే పక్షికి ఉష్ట్రపక్షి అనే పేరుంది. బాతును మురగాబీ అనడంలోనూ పాత పక్షి అర్థమే మిగిలింది. ఆబ్ అంటే నీరు, అది నీటిపక్షి.

మరి పక్షి కోడిగా ఎప్పుడు కుదించుకుంది? కోడి పుట్టిల్లు ఆగ్నేయాసియా అడవులు. అక్కడి ఎర్ర అడవికోడి మచ్చికై, భారతదేశం మీదుగా ఇరాన్‌కూ అక్కడినుంచి పడమటికీ చేరింది. క్రీస్తుపూర్వం 414లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన అరిస్టోఫేనీస్ పక్షుల నాటకంలో కోడిపుంజును పారశీక పక్షి అన్నారు. గ్రీకులకు అది ఇరాన్ నుంచి వచ్చిన కొత్త అతిథి. ఇంటి ముంగిట్లో తిరుగుతూ, తెల్లవారుజామున కూసి లేపుతూ, గుడ్డు పెట్టి, పండగనాడు కూరైపోయే పక్షి ఒకటి వచ్చాక, పక్షి అనగానే జనానికి అదే గుర్తుకు రావడంలో వింత లేదు. మొదట పక్షులన్నీ ముర్గ్‌లే, తర్వాత ఇంటి పక్షి ముఖ్యమైన ముర్గ్, చివరికి అదొక్కటే ముర్గ్. ఉర్దూలో పుంజు ముర్గా, పెట్ట ముర్గీ అంటూ హిందుస్తానీ స్త్రీ పుంలింగ ప్రత్యయాలు కూడా తగిలించుకుని అది పూర్తిగా ఈ దేశపు మాట అయిపోయింది. జింకకు ఫార్సీవాళ్లు ఆహూ అనే వేరే మాట వాడుకున్నారు. ఒక మాట చోటు మారినప్పుడు ఖాళీ అయిన చోటును మరో మాట నింపుతుంది. భాషలో ఏ జంతువూ పేరు లేకుండా ఉండిపోలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మృగ, ముర్గ్ అనే రెండు చిన్న మాటలు వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టాలెలా అవుతాయి? యాదృచ్ఛికం కావచ్చు కదా? ఈ అనుమానం చాలా న్యాయమైనది. కేవలం పోలికను నమ్ముకుంటే మోసపోతాం. హైదరాబాదీలు బద్మాష్, బద్నాం అనే మాటల్లో వాడే బద్ అంటే చెడు. ఇంగ్లీషులో బ్యాడ్ అన్నా చెడే. ధ్వనీ అర్థమూ రెండూ కలిసినా ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని పండితులు తేల్చారు. కాబట్టి బంధుత్వానికి పోలిక చాలదు, క్రమం కావాలి. ఒక భాషలోని ఒక ధ్వని రెండో భాషలో ప్రతిసారీ ఒకే తీరుగా మారుతూ ఉండాలి. సంస్కృతంలో పెదవులతో పలికే మకారం, పకారం పక్కన ఉన్న ఋకారానికి ఫార్సీలో ఉర్ వస్తుంది. మృత అంటే చనిపోయిన, ఫార్సీలో ముర్దా. పాతబస్తీలోనైనా అబిడ్స్‌లోనైనా ముర్దా అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. పృచ్ఛ అంటే అడగడం. అవధానంలో ప్రశ్న వేసేవారిని పృచ్ఛకులంటాం. ఫార్సీలో అడగడం పుర్సీదన్. హైదరాబాద్‌లో పరామర్శను పుర్సా అంటారు, బాగోగులు అడగడం అని దాని లోపలి అర్థం. మృత, ముర్దా, పృచ్ఛ, పుర్సా, మృగ, ముర్గ్. మూడు జంటల్లోనూ ఒకే సూత్రం పనిచేసింది. ఇలాంటి జంటలు ఇంకా ఎన్నో దొరుకుతాయి కనుకనే ఇది కాకతాళీయం అనలేం.

ఈ క్రమాన్ని మొదట పట్టుకున్నది యూరప్ పండితులేనన్న అభిప్రాయం కూడా సరికాదు. 18వ శతాబ్దంలో ఢిల్లీలో ఉన్న ఫార్సీ పండితుడు సిరాజుద్దీన్ అలీ ఖాన్ ఆర్జూ తన ముస్మిర్ అనే గ్రంథంలో ఫార్సీ, భారతీయ భాషల మాటల మధ్య ఉన్న ఒప్పందాన్ని గుర్తించి రాశాడు. దానికి తవాఫుఖ్ అని పేరు పెట్టాడు. ఆయన 1756లో చనిపోయాడు. విలియం జోన్స్ కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయని ప్రసంగించింది 1786లో. పాత పారశీకాన్ని కూడా ఆ కుటుంబంలో చేర్చవచ్చని ఆయన అన్నాడు. జోన్స్ సంస్కృతానికి రాకముందే ఫార్సీ వ్యాకరణం రాసినవాడు. రెండు వైపులా మాటలు తెలిసినవాడికే బంధుత్వం కనపడుతుందన్నది ఈ ఇద్దరి జీవితాలూ చెప్పే సంగతి. హైదరాబాద్ లాంటి నగరంలో సంస్కృత పదాలతో నిండిన తెలుగూ, ఫార్సీ పదాలతో నిండిన ఉర్దూ పక్కపక్క దుకాణాల్లో వినిపిస్తాయి. ఆర్జూ, జోన్స్ గ్రంథాల్లో వెతికిన జంటలు ఇక్కడ సాధారణ సంభాషణలోనే దొర్లుతుంటాయి.

ధ్వని ఒప్పుకున్నా అర్థం ఎలా ఒప్పుకోవాలని రెండో అభ్యంతరం. నాలుగు కాళ్ల జంతువెక్కడ, రెక్కల పక్షి ఎక్కడ? ఇంత దూరం అర్థం జరుగుతుందా? జరుగుతుందనడానికి మనకు బాగా తెలిసిన ఇంగ్లీషే రుజువు. ఇంగ్లీషులో డీర్ అంటే జింక. కానీ పాత ఇంగ్లీషులో దేఓర్ అంటే ఏ జంతువైనా. దాని తోబుట్టువైన జర్మన్ మాట టీర్ ఇప్పటికీ జంతువే. డచ్ దీర్, స్వీడిష్ యూర్ కూడా అంతే. వేట ముఖ్యమైన దేశంలో జంతువు అనే మాట జింకగా కుదించుకుంది. సంస్కృతంలో మృగానికి జరిగిందీ సరిగ్గా ఇదే. ఇంగ్లీషులో ఫౌల్ అంటే ఇవాళ కోడి జాతి పక్షి. దాని జర్మన్ తోబుట్టువు ఫోగెల్ అంటే ఏ పక్షైనా. పక్షి అనే మాట కోడిగా కుదించుకుంది. ఫార్సీలో ముర్గ్‌కు జరిగిందీ ఇదే. మృగం నడిచిన దారినీ ముర్గ్ నడిచిన దారినీ ఏ సంబంధం లేకుండా ఇంగ్లీషు రెండు వేర్వేరు మాటలతో నడిచింది. ఇక జంతువుకూ పక్షికీ మధ్య వంతెన ఉందా అంటే, అదీ ఉంది. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు మృగ శబ్దానికి ఇచ్చిన అర్థాలలో పైకి ఎగిరే పెద్ద పక్షి ఒకటి. దానికి ఋగ్వేదంలోని ప్రయోగాన్నే ఆధారంగా చూపించింది. అంటే అడవిలో స్వేచ్ఛగా తిరిగే ప్రాణి అనేది ఉమ్మడి అర్థమై ఉంటుంది. భారతదేశంలో దాని నుంచి నేలమీది ప్రాణి మిగిలింది, ఇరాన్‌లో గాలిలోని ప్రాణి మిగిలింది.

మూడో అభ్యంతరం పండితులది కాదు, మామూలు జనంలో ఎక్కువగా వినిపించేది. సంస్కృతం అన్ని భాషలకూ తల్లి కాబట్టి ముర్గ్ కూడా మృగ నుంచే పుట్టిందని ఒకరు అంటారు. ముర్గ్ పరాయిమాట, దానికీ మన సంప్రదాయానికీ సంబంధమే లేదని ఇంకొకరు అంటారు. సాక్ష్యం ముందు ఈ రెండూ నిలవవు. ముర్గ్ సంస్కృతం నుంచి అరువు వెళ్లిన మాటే అయితే జింక, వేట అనే అర్థాల వాసన దానికి అంటి ఉండేది; పైగా అవెస్తా కాలం నుంచీ అది ఇరాన్ భాషల్లో సొంత ధ్వని మార్పులతో, పక్షి అనే సొంత అర్థంతో బతుకుతూ ఉండేది కాదు. ఈ రెండు మాటలకూ ముందు ఇంకో భాష ఉంది. దాని గ్రంథాలేవీ మిగల్లేదు; దాని రూపాన్ని పండితులు ఈ బిడ్డల మాటల నుంచే వెనక్కి ఊహించి కట్టారు. సంస్కృతం, అవెస్తా దాని ఇద్దరు బిడ్డలు. కాబట్టి మృగం పెద్దదీ ముర్గ్ చిన్నదీ కాదు, మృగం మనదీ ముర్గ్ వాళ్లదీ అనే పంపకం కూడా చెల్లదు. ఒక మాటను గుడికి, ఇంకో మాటను దర్గాకు రాసిచ్చే అలవాటు ఈ మధ్య పెరుగుతోంది. నాంపల్లి దర్గాకు వెళ్లే దారిలో ముర్గ్ అనే మాట వింటే, అది మృగశిరలోని మృగానికి తోబుట్టువని తెలిసి ఉండటం ఆ అలవాటుకు మంచి విరుగుడు.

ఇంతకీ ఆ మూలమాటకు ఏం అర్థం ఉండేది? సంస్కృత వైయాకరణులు మృగ శబ్దాన్ని వెతకడం అనే అర్థమున్న ధాతువుతో ముడిపెట్టారు; వేటగాడు వెతికేది మృగం. ఆధునిక భాషావేత్తలలో పలువురు ఆ క్రియే మృగ అనే నామం నుంచి పుట్టిందని భావిస్తారు. ఏది ముందైనా, వేటకూ ఈ మాటకూ ఉన్న ముడి మాత్రం విడదీయలేనిది. వేటకు వెళ్లడం మృగయ. ఇదే కుటుంబంలో ఇంకో మాట ఉంది, దాన్ని మనం రోజూ వాడుతూ కూడా గుర్తించం: మార్గం. మృగం నడిచిన జాడ, దాన్ని వెతుకుతూ వేటగాడు పోయే జాడ అనేది మార్గానికి నిఘంటువులు ఇచ్చే పాత అర్థాలలో ఒకటి. అడవిలో మొదటి దారులు వేసింది జంతువులే. మనుషులు వాటి వెంట నడిచారు. ఇవాళ రహదారికీ, మోక్షానికీ, ఉద్యమానికీ మార్గం అంటున్నామంటే అడవి జాడ ఎంత దూరం వచ్చిందో ఊహించవచ్చు. మార్గశిర మాసం పేరు కూడా మృగశిర నక్షత్రం నుంచి వచ్చిందే; ఆ నెలలో పున్నమి చంద్రుడు ఆ నక్షత్రం దగ్గర ఉంటాడు.

ఆ నక్షత్రం సంగతికి వస్తే అక్కడ కూడా వేటే కనిపిస్తుంది. ఐతరేయ బ్రాహ్మణంలోని కథలో ప్రజాపతి జింక రూపంలో తన కూతురి వెంటపడితే, దేవతల కోరికపై రుద్రుడు బాణం వేస్తాడు. బాణం తగిలిన జింక ఆకాశంలో మృగమైంది, వేటాడినవాడు మృగవ్యాధుడయ్యాడు, కూతురు రోహిణి అయింది. అవే చుక్కలను గ్రీకులు ఓరియన్ అనే వేటగాడిగా చూశారు. ఆ చుక్కల గుంపు వాళ్లకు వేటగాడు, మనకు వేటలో పడిన జింక. ఆ పేరు ఆకాశం నుంచి మళ్లీ పొలంలోకి దిగింది. సూర్యుడు ఆ నక్షత్రంలో అడుగుపెట్టే రోజుల్లో తొలకరి వస్తుంది కాబట్టి మృగశిర రైతుకు కాలం పేరు అయింది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందని మన సామెత. ఎండలు పోయి ఒక్కసారిగా చల్లబడే రోజులు కనుక ఒంట్లో వేడి పుట్టాలని ఆ నాడు చేపలు తింటారు, తినని ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి తింటారు. పేరు ప్రయాణం ఇంతటితోనూ ఆగలేదు. తొలి వానలకు నేలలోంచి పైకొచ్చే ఎర్రని మఖమల్ పురుగును తెలుగులో, తర్వాతి కార్తె పేరు మీద, ఆరుద్ర పురుగు అంటాం. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న మరాఠ్వాడాలో దాన్ని మృగ నక్షత్రం పేరుతోనే పిలుస్తారు. ఉర్దూలో అది బీర్‌బహూటీ, సంస్కృతంలో ఇంద్రగోపం. ఒక జంతువు చుక్కకు పేరిచ్చింది, చుక్క కాలానికి ఇచ్చింది, కాలం తిరిగి మరో చిన్న ప్రాణికి ఇచ్చింది. వానను నమ్ముకుని బతికిన జనం తప్ప ఈ గొలుసును ఇంకెవరూ కట్టలేరు.

ఇదంతా ఇండో ఆర్య, ఇరాన్ భాషల గొడవ, ద్రావిడ భాష అయిన తెలుగుకు ఇందులో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. తెలుగుకు రెండు విధాల పని ఉంది. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబానికి చెందినవని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, తెలుగునే ప్రధాన సాక్షిగా తీసుకుని రుజువు చేశాడు. మొదటిది, ఆ కుటుంబంలో కూడా ఇదే క్రమం పనిచేస్తుంది. తమిళ కోళి తెలుగులో కోడి. తమిళ ఏళు తెలుగులో ఏడు. తమిళ పాళ్ తెలుగులో పాడు. నాలుకను వెనక్కి మడిచి పలికే ఆ తమిళ ధ్వని తెలుగులో డకారమైంది. తుళులో అదే కోరి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన భద్రిరాజు కృష్ణమూర్తి జీవితమంతా ఇలాంటి సూత్రాలను నిర్ధారించడానికే వెచ్చించారు. ముర్గ్ పక్షి నుంచి కోడికి కుదించుకుంటే, మన కోడి అందుకు ఎదురుగా విస్తరించింది: అడవికోడి, నీటికోడి, నిప్పుకోడి, టర్కీకోడి. రెండోది, అరువు ఎప్పుడూ ఒకవైపే నడవలేదు. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో పంచే చేప పేరు కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే, కొర్రమట్ట అనే పేరుతో. అందులోని మీను తమిళ, మలయాళ, కన్నడాలన్నిటా ఉన్న ద్రావిడ మాట. ఋగ్వేదంలో చేపకు మత్స్య అనే మాట ఉంది. మీన తర్వాతి సంస్కృతంలో వచ్చింది, అది ద్రావిడ భాషల నుంచి తీసుకున్నదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే రాశిచక్రంలోని మీనరాశి మన నీళ్లలోంచి వెళ్లిన మాట, మృగశిర అటునుంచి మన పొలంలోకి వచ్చిన మాట.

చివరిగా, ఈ లెక్కలన్నీ తేల్చి సాధించేదేముందన్న ప్రశ్న మిగులుతుంది. జింకను జింక అనీ కోడిని కోడి అనీ పిలవడానికి చరిత్ర అక్కర్లేదు, నిజమే. కానీ మాటల మీద తీర్పులు చెప్పేటప్పుడు మాత్రం అక్కరవుతుంది. తెలుగులో మృగం అనే వాడుక తప్పనీ, మిరుగం మొరటు పలుకనీ, ముర్గీ పరాయి మాటనీ ఎవరైనా అన్నప్పుడు, ఆ తీర్పు వెనుక ఏదో ఒక అర్థమే అసలైనదనే నమ్మకం ఉంటుంది. మనం చూసిన సాక్ష్యంలో ఆ నమ్మకానికి చోటు లేదు. వేటగాడికి జింక, ఇరాన్ ఇల్లాలికి కోడి, తెలంగాణ రైతుకు తొలకరి, సూఫీ కవికి పరమాత్మ. ఒక్కొక్కరూ తమ బతుకులో అన్నిటికన్నా అవసరమైనదానికి ఆ పాతమాటను కట్టారు, ఎవరి కట్టడమూ ఇంకొకరిదానికన్నా తక్కువ కాదు. అందుకే మన నిఘంటువులు మృగం పక్కనే మిరుగాన్నీ, ముర్గ్‌నూ సమాన గౌరవంతో చేర్చుకోవాలి. 1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన తెలుగు విశ్వవిద్యాలయం లాంటి సంస్థలు ఇలాంటి పనికి తగినవి. బడిలో మృగము, మెకము అని వల్లెవేయించే ఉపాధ్యాయులు మృత, ముర్దా; మృగ, ముర్గ్ అనే జంటలను కూడా అదే పలక మీద రాయించవచ్చు. ఉర్దూ ఇంటి పిల్లలూ తెలుగు ఇంటి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునే ఈ నగరంలో అంతకన్నా తేలిగ్గా బోధించగల చరిత్ర పాఠం లేదు. ఇరువైపుల వాళ్లూ తమ ఇంటి నుంచి ఒక్కో మాట తెచ్చి పక్కపక్కన పెడితే చాలు, పాఠం పూర్తవుతుంది.